పిట్టమాట

“కదలకమ్మా, చెవి తెగుతుంది” అంది కూతురు వెనకనుంచి.

తెగితే తెగనీ, పీడ విరగడవుతుంది అనుకుంది ఫోనమ్మ. అనుకున్నాక ఆ మాటకి తనే ఉలిక్కిపడి, మెడచుట్టూ కట్టిన పాత దుప్పటి కింద చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని కూర్చుంది. చేతులు చల్లగా ఉన్నాయి. ఎండ ఇంకా ప్రహరీగోడ మీదే ఉంది, దానిమ్మ నీడ కుర్చీ కాళ్ళ దాకా వచ్చింది గానీ నిమ్మమొక్కని అందుకోలేదు, అందుకున్నాక ఆ పిట్ట అరుస్తుంది, రోజూ అంతే, ముందూ లేదు వెనకా లేదు, ఆఫీసుకి పోయేవాళ్ళకైనా అంత నియమం ఉండదు. అంటే ఇంకా కాస్త టైముంది. ఈలోపల మిగతావి వినచ్చు. మిగతావి భయపెట్టవు. గోడ మీద పిచ్చుకలు దేనికో దెబ్బలాడుకుంటున్నాయి, నీళ్ళమూకుడులో పికిలిపిట్ట తల ముంచి రెక్కలు దులిపి మళ్ళీ ముంచి తన ముస్తాబు తనే మెచ్చుకుంటోంది, బీరతీగ పసుప్పూల ముందు తేనెపిట్ట ఒకటి నిలబడీ నిలబడకుండా ఆడుతోంది, దాని నల్లటి మెడ ఎండ తగిలినప్పుడల్లా నీలంగా, ఊదాగా, ఆకుపచ్చగా మారిపోతోంది. మొన్నమొన్నటిదాకా ఆ మెడ చూస్తూ నిలబడి పొయ్యి మీద పాలు పొంగించుకుని, పరిగెత్తి, మొగుడు చూడకుండా గట్టు తుడిచేసి నవ్వుకునేది. ఇవాళా చూస్తోంది. నవ్వే రావడం లేదు.

కత్తెర కిర్రు కిర్రుమంటూ మెడవెనక తిరుగుతోంది. తెల్లజుట్టు ముక్కలు దుప్పటి మీంచి జారి మట్టిలో పడుతున్నాయి. రేపు పొద్దున్నకి వాటిలో సగం ఉండవు, పిచ్చుకలు ముక్కునిండా పట్టుకుపోతాయి, ఏ గూట్లోనో ఏ గుడ్ల కిందో తన జుట్టు పరుపవుతుంది. మంచిదే. తన తలమీద పుట్టింది ఏదో ఒకటి ఎవరికైనా పనికిరావాలి కదా, తల లోపల పుట్టేది ఎలాగూ ఎవరికీ పనికిరాకుండా పోయేట్టుంది. ఛ. మళ్ళీ అదే. ఎక్కడికి తిప్పినా ఆలోచన అక్కడికే వచ్చి కూలబడుతోంది. కూతురి మొహం కనిపిస్తే బాగుండును. దాని పార్లర్లో అయితే ఎదురుగా గోడంత అద్దం ఉంటుంది, మొహం చూసి లోపల ఏముందో చెప్పెయ్యచ్చు. ఇక్కడ ఎదురుగా గోడా పిచ్చుకలూ. వెనకాల కత్తెర, దాని వెనకాల కూతురు, దాని వెనకాల మూసిన వంటింటి తలుపు, ఆ తలుపు వెనకాల ఎక్కడో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, చదవకుండా, చెవులు ఇటే పారేసుకుని మొగుడు, డ్రాయింగు మాస్టారు. ఆ చెవులు ఇటు పారేసినా ఒకటే, అటు పారేసినా ఒకటే, కుక్కరు ఈల కూడా వినబడని చెవులు. కానీ ఆ మాట ఆయనతో అనడానికి లేదు. “నా చెవులకేం, లక్షణంగా ఉన్నాయి” అంటాడు, అదీ నాలుగోసారి అడిగితే.

ఆయన కూతురికి ఫోను చెయ్యడం ఆమె విన్నది. ఆయన లోపలి గదిలో తలుపు దగ్గరికేసి గుసగుసగా మాట్లాడాననుకున్నాడు, వీధి చివరి దాకా వినబడే గుసగుస. “జుట్టు కత్తిరిస్తానని వంక పెట్టి రా. ఏమీ అడక్కు. దగ్గర కూచుని చూడు, అంతే. ఏదో పిట్ట పిట్ట అంటోంది, నాకేం వినబడదు. వాళ్ళమ్మకి కూడా వయసులో ఉండగానే ఏదో వినబడేదట.” ఫోనమ్మ అప్పుడు పెరట్లో గులాబీకి మన్ను ఎగదోస్తోంది. చేతిలో మన్ను చేతిలోనే ఉండిపోయింది. వాళ్ళమ్మకి కూడా. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. తెలుసన్నమాట. ఎవరో చెప్పారన్నమాట. చెప్పింది విని కడుపులో పెట్టుకుని, ఇన్నాళ్ళూ ఆమె ఎప్పుడు తల తిప్పినా, ఎప్పుడు మాట ఆపి ఆలకించినా, లోపల లోపల కనిపెట్టుకుని కూచున్నాడన్నమాట. మంచివాడే. మంచివాళ్ళు కనిపెట్టుకుని కూచుంటేనే ఎక్కువ భయం.

ఫోనమ్మ అన్నది పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో చేరిన కొత్తలో వీధివాళ్ళు తగిలించింది, ఆ తర్వాత అసలు పేరు ఆఫీసు సంతకాలకే మిగిలింది. పొద్దున వెళ్తే చీకటిపడ్డాక ఇంటికి. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, ఎవరి తీగ ఎవరి తీగతో కలపాలో కలిపి, మాట్లాడుకున్నాక పీకి, మళ్ళీ కలిపి. “ఎవరు మాట్లాడుతున్నారండీ? ఎవరు కావాలండీ?” నిద్రలో కూడా అనేదట, డ్రాయింగు మాస్టారు కొత్తలో భయపడి లేచి కూచునేవాడట. చేరిన మొదటిరోజే పెద్దావిడ ఒకావిడ, సూపర్‌వైజరమ్మ, చెవి పట్టుకున్నంత పని చేసి చెప్పింది: “సగం విని కలపకు. ఎవరు అని అడుగు. అడగడానికి సిగ్గుపడితే పెళ్ళివారి ఫోను చావింటికి పోతుంది.” ఊపిరి విని మనిషిని చెప్పేది ఫోనమ్మ. దగ్గు విని చెప్పేది. అవతలివాడు అబద్ధమాడబోతున్నాడని మాటకి ముందు మింగే గుటక విని చెప్పేది. అలాంటి చెవులు. ఆ చెవులే ఇప్పుడు, రిటైరై హాయిగా పెరట్లో కుర్చీ వేసుకున్నాక, లేనిదాన్ని వినిపిస్తున్నాయా? ఉన్నదాన్నా? ఎవర్ని అడగాలి? పక్కింటి టైలరుని గోడ మీంచి అడిగింది, సాయంత్రంపూట ఏదైనా కొత్త పిట్ట కూస్తోందా అని. “పిట్టలా? నా మిషను మోతలో నేను తుమ్మినా నాకు తెలీదండీ” అన్నాడతను.

అది మొదట కూసిన రోజు సంతోషమే వేసింది. ఆకులు రాలడం మొదలైన రోజులు. గచ్చు ఊడుస్తూ ఆగింది, కొత్త గొంతు! మూడు పొట్టి చప్పుళ్ళు, ఆపైన ఒక సాగదీత. గచ్చు మధ్యలో చీపురు పట్టుకుని చెట్లన్నీ కళ్ళతో గాలించింది, దానిమ్మ, నిమ్మ, గోడమీది తీగ, పక్కింటి మామిడి, ఎక్కడా రెక్క కూడా ఆడలేదు. సరే, రేపు చూద్దాం అనుకుంది. మర్నాడూ కూసింది, మర్నాడూ కనిపించలేదు. అప్పుడు, అలవాటు చొప్పున, దానికి మాట వెతికింది. అది ఈ ఇంట్లో ఆట, పిట్టమాట. కూతురు చిన్నప్పుడు సెలవురోజు పొద్దున్నే తల్లీ కూతురూ మెట్లమీద కూచుని ప్రతి పిట్ట కూతకీ మాట కట్టేవాళ్ళు. పికిలిపిట్ట “పాలగిన్నె ఏదీ, పాలగిన్నె ఏదీ” అంటుంది. కాకి ఏం చెప్పినా “కాదు, కాదు” అంటుంది, డ్రాయింగు మాస్టారు ఇంట్లో ఉన్నట్టే. గువ్వ “ఊరుకో, ఊరుకో.” తేనెపిట్ట మనుషుల్ని చూసి “ఛీ ఛీ ఛీ.” కూతురు ఎక్కడ ఆగినా పిట్టకి మాట కట్టందే కదిలేది కాదు, స్కూలు బస్సు పోతున్నా సరే. ఆ ఆట తనకి ఎవరు నేర్పారో కూతురికి చెప్పలేదు. దాని సంగతి చెప్పాలంటే అమ్మ సంగతంతా చెప్పాలి. కొత్త పిట్టకి మాట వెతకనక్కర్లేకపోయింది. మూడోరోజో నాలుగోరోజో, అది కూసిన కూతలో మాట దానంతటదే వచ్చి కూచుంది, చొక్కాకి గుండీలా సరిగ్గా. తలుపు తియ్యీ. తలుపు తియ్యీ. ఆ క్షణంలో చీపురు చేతిలోంచి పడిపోయింది. ఆ పూట అన్నం సయించలేదు, ఆ తర్వాత ఏ పూటా సరిగ్గా సయించలేదు.

ఎందుకంటే ఆ మాట ఆమెకి తెలుసు.

అమ్మకి ఇద్దరు. తను పెద్దది, తర్వాత పుట్టింది చిన్నది. పేర్లు ఉన్నాయి గానీ ఇంట్లో ఎవరూ వాడలేదు. పెద్దది తిందా, చిన్నది పడుకుందా, పెద్దదాన్ని స్నానానికి పంపు, చిన్నదాన్ని ఇలా ఇవ్వు. చిన్నది సరిగ్గా అడుగులు వెయ్యకముందే జ్వరం వచ్చి పోయింది. ఇల్లంతా కొన్నాళ్ళు మాటల్లేకుండా తిరిగింది. వానలు పోయాయి, ఆకులు రాలడం మొదలైంది. ఒక సాయంత్రం అమ్మ వంటింట్లో చాట ముందర కూచుని, చెయ్యి ఆపి, తలెత్తి, “చిన్నది తలుపు తియ్యమంటోంది” అంది. మామూలుగా అంది. పాలవాడొచ్చాడు అన్నట్టు అంది. అని లేచి వెళ్ళి పెరటి తలుపు తీసి, గుమ్మంలో నిలబడి పైకి చూసింది. నవ్వింది. నాన్న చేతిలో పేపరు జారి నేలమీద పడింది. ఆ ఇంట్లోనే ఉండే నాన్న అక్క, అత్తయ్య, ఒక్క ఉరుకున వచ్చి పెద్దదాని రెండు చెవులూ తన అరచేతులతో మూసేసింది. ఉల్లిపాయల వాసన వేసే చేతులు. “వినకే! విన్నావంటే నీకూ పట్టుకుంటుంది!” చేతుల సందుల్లోంచి ఆ మాట మాత్రం వినబడింది. ఇంకేదీ వినబడలేదు.

“నాన్న సన్నబడ్డారేంటమ్మా?” అంది కూతురు.

“నిద్ర లేదు ఆయనకి.”

“నీకు లేదా ఆయనకి లేదా?”

అడిగిన గొంతులో దువ్వెనతో చిక్కు తీస్తున్న మెత్తదనం ఉంది, లాగితే నొప్పి పుడుతుందని తెలిసిన మెత్తదనం. ఇదిగో ఇలాగే రోజంతా అందరితో మాట్లాడుతుంది ఇది. మొహం సొరకాయలా ఉన్నా “ఈ కటింగు మీకు భలే నప్పిందండీ” అంటుంది. వాళ్ళు నమ్మి వెళ్తారు. చెడ్డపిల్ల అని కాదు, చెడ్డపిల్లయితే బాధే లేదు. మొహం చూసి, ఎదుటివాళ్ళకి ఏం కావాలో పసిగట్టి, అదే చేతిలో పెడుతుంది. అందుకే అడక్కూడదని నిర్ణయించుకుంది ఫోనమ్మ. రాత్రంతా అదే అనుకుంది. పిట్ట కూసినప్పుడు “విన్నావా?” అంటే “ఆ, విన్నానమ్మా” అంటుంది, విన్నా అంటుంది, వినకపోయినా అంటుంది. అప్పుడిక దారే లేదు. తల తిప్పకూడదు. ఉలిక్కిపడకూడదు. అది కూసినప్పుడు ఊరికే కూచోవాలి, గోడ చూస్తూ. వినబడితే అదే అంటుంది. అనకపోతే. అనకపోతే ఏముంది, సాయంత్రం వంటయ్యాక ముగ్గురూ కూచుంటారు, కూతురు ఆ మెత్తటి గొంతుతోనే “అమ్మా, ఒకసారి డాక్టరుకి చూపిద్దామా, ఊరికే” అంటుంది, ఆ ‘ఊరికే’తో మొదలవుతుంది.

అమ్మకీ ‘ఊరికే’తోనే మొదలైంది. ముందు పెరటి తలుపుకి పైన, అమ్మకి అందనంత ఎత్తున కొత్త గడియ వేయించారు, ఊరికే, జాగ్రత్తకి. అమ్మ పీట వేసుకుని తీసింది. పీటలు అటకెక్కాయి. డాక్టరు వచ్చాడు, మాత్రలు వచ్చాయి, మాత్రలేసుకుని అమ్మ పట్టపగలు నోరు తెరుచుకుని నిద్రపోయేది, ఆ నోట్లోంచి మళ్ళీ మాట రాదేమోనని పెద్దది మంచం పక్కన కూచుని చూసేది. చిగుళ్ళు వేసే రోజులకి కాస్త తేరుకునేది. మళ్ళీ ఆకులు రాలగానే మళ్ళీ తలెత్తేది. ఏడాదేడాదీ అంతే. ఇది రుతువుని బట్టి తిరగబెట్టే జబ్బని డాక్టరు ఒక పేరు కూడా చెప్పాడు, నాన్నకి నోరు తిరగలేదు. వీధిలో పిల్లలు ‘తలుపులమ్మ’ అని పేరు పెట్టారు. కొన్నాళ్ళకి అమ్మ అనడం మానేసింది. తలెత్తడం మానేసింది. తర్వాత ఒకరోజు, ఎవరూ చెప్పకుండానే, దూది అడిగింది. రెండు ఉండలు చేసి రెండు చెవుల్లో పెట్టుకుంది. ఇల్లంతా హమ్మయ్య అనుకుంది, దారిలో పడింది అనుకుంది. ఆ తర్వాత ఆవిడ బతికినన్నాళ్ళూ అలాగే, చెవుల్లో దూది, గట్టిగా అరిస్తే గానీ పలకదు, పిలిచినవాళ్ళ మొహంలోకి ఓ క్షణం పరీక్షగా చూసి అప్పుడు పలికేది. ఈ మనిషి నిజంగా పిలిచిందా, లేదా అన్నట్టు. ఆ చూపు ఫోనమ్మకి ఇప్పుడు అద్దంలో కనిపిస్తోంది. మొన్న డ్రాయింగు మాస్టారు “కాఫీ పెడతావా” అంటే అలాగే చూసింది. చూశాక తెలిసింది అలా చూశానని.

అమ్మకి చిన్నదై వచ్చింది, నాకు పిట్టై వచ్చింది. అంతేగా. ఎవరి మీద ప్రాణం ఉంటే వాళ్ళ వేషం వేసుకుని వస్తుంది. తెలివైంది. నాకు పిట్టలంటే ఇష్టమని తెలుసుకుని ఈ దానిమ్మ చాటున...

నీడ నిమ్మమొక్కని తాకింది.

కుదురుగా కూచో. గోడ చూడు. గోడమీద చీమలబారు, దానిలో ఒక చీమ తనకంటే పెద్ద రెక్కముక్క మోసుకుంటూ ఓడ తెరచాప ఎత్తినట్టు పోతోంది, దాన్ని చూడు. రాకపోతే బాగుండు. ఇవాళ రాకపోతే. లేకపోతే రానీ, వచ్చి తేల్చేయనీ, ఈ కూచోవడం కంటే అదే నయం. వద్దు వద్దు. కూతురు కత్తెర మార్చింది, సన్నపళ్ళది తీసింది, చెవిచుట్టూ మొదలుపెట్టింది. కిర్, కిర్, కిర్. పికిలిపిట్ట ఎగిరిపోయింది. పిచ్చుకలు ఎందుకో ఒక్కసారి నోరు మూశాయి.

తలుపు తియ్యీ.

కత్తెర ఆగలేదు.

కిర్, కిర్, కిర్. ఒక్క తాళమైనా తప్పలేదు. ఎక్స్ఛేంజిలో ఎంతమందిని విన్నది, ఏదైనా చెవిన పడితే చేసేపని ఒక్క రవ్వ తడబడుతుంది, కలం ఆగుతుంది, ఊపిరి ఆగుతుంది, ఏదో ఒకటి ఆగుతుంది. ఇదేమీ ఆగలేదు. తలుపు తియ్యీ, మళ్ళీ కూసింది, ఇంత స్పష్టంగా, ఇంత దగ్గరగా, నెత్తిమీద కూచుని పిలిచినంత దగ్గరగా. కిర్, కిర్. కూతురు కూనిరాగం కూడా తీస్తోంది. ఫోనమ్మ నోరు ఎండిపోయింది. అయిపోయింది. ఇంక చూసేదేం లేదు, అడిగేదేం లేదు. గోడా చీమలూ అలాగే ఉన్నాయి, తేనెపిట్ట మళ్ళీ వచ్చి పువ్వులో ముక్కు పెట్టింది, దాని మెడ నీలం, ఊదా, ఆకుపచ్చ, ఇవన్నీ ఇంకెన్నాళ్ళు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి? రేపు తేనెపిట్ట ఉందా లేదా అని కూడా ఎవర్నో అడగాలి. గులాబీ పూసిందా అని అడగాలి. మాత్రలు వేస్తారు. నోరు తెరుచుకుని నిద్రపోతుంది. ఈ ఇద్దరూ మంచం పక్కన కూచుని, ఎంతో ప్రేమగా, మెల్లగా మాట్లాడుకుంటారు, ఆ మాటలన్నీ తనకి వినబడుతూనే ఉంటాయి. దేవుడా, దుప్పటి కదులుతోంది, ఇది చూస్తుంది. ఆ తర్వాత దీని వంతు. అమ్మది నాకొచ్చింది, నాది దీనికి. ఏదో ఒక ఏడాది ఆకులు రాలే రోజుల్లో, పార్లర్లో ఎవరి తలమీదో కత్తెర ఆపి ఇదీ తలెత్తుతుంది. దానికి ఏ వేషం వేసుకుని వస్తుందో. నా వేషమే వేసుకుంటుందేమో.

“అమ్మా, చలేస్తోందా?”

“లేదు.”

“వణుకుతున్నావు.”

“మెడమీద వెంట్రుకలు. దులుపు.”

కూతురు దులిపింది. వేళ్ళు మెడమీద ఓ క్షణం ఎక్కువసేపే ఉన్నాయి. “అమ్మా” అంది. గుటక మింగింది. అదిగో. ఆ గుటక ఫోనమ్మకి తెలుసు. “ఈమధ్య నీకేమైనా... చెవుల్లో ఏమైనా వినబడుతోందా?”

“అన్నీ వినబడుతున్నాయి. మీ నాన్న ఫోన్లో గుసగుసలు కూడా వినబడ్డాయి.”

వెనకాల కూతురు పక్కున నవ్వింది, నవ్వు మధ్యలో ఆగిపోయింది. “ఏమీ అడక్కు అన్నారు నన్ను. నేను అడిగేశాను.”

“తెలుసు.”

“భయపడుతున్నారమ్మా ఆయన.”

నేనో, అని గొంతుదాకా వచ్చింది. నేనెంత భయపడుతున్నానో తెలుసా, ప్రతి సాయంత్రం ఈ కుర్చీలో కూచుని, పైకి ఎండ కాచుకుంటున్న మనిషిలా కనిపిస్తూ, లోపల... కానీ అంటే ఏడుపొస్తుంది, ఏడిస్తే ఇది ఓదారుస్తుంది, ఓదార్పులో ఏది నిజమో ఇక తేలదు. కత్తెర మళ్ళీ మొదలవలేదు. దుప్పటి ముడి బిగించి, కూతురు ఇటుపక్క పూర్తయిన జుట్టుని దువ్వి చూస్తోంది. ఒక వైపు అయింది, ఒక వైపు ఉంది. అంత నిశ్శబ్దంలో, పక్కింటి మిషను కూడా ఆగిన ఆ నిశ్శబ్దంలో, అది మళ్ళీ కూసింది. ఫోనమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

“అబ్బ, ఇందాకట్నుంచీ ఒకటే గోల పాపం” అంది కూతురు.

ఫోనమ్మ కదలలేదు. కళ్ళు తెరవలేదు. ఏది అని అడగలేదు. అడక్కూడదు.

“వంటింటి తలుపు నెత్తిన కూచుందమ్మా. గుప్పెడు కూడా లేదు. తోక చూడు ఎలా ఆడిస్తోందో, మా స్కూలు డ్రిల్లు మాస్టారి విజిలు తాడులా!” కూతురి గొంతు వెనక్కి తిరిగి మాట్లాడుతున్న గొంతు. ఆ గొంతులోకి ఎక్కణ్ణుంచో మెట్లమీది సెలవురోజు పొద్దున్న వచ్చి చేరింది. అది మళ్ళీ కూసేదాకా ఆగి, దాని కూత మీదే మాట పెట్టి, పిట్టమాట ఆటలో చెప్పినట్టే చెప్పింది. “చిన్నది తలుపు తియ్యమంటోంది.”

“ఏమన్నావు?”

“చిన్నది తలుపు తియ్యమంటోంది అన్నాను. ఏం, నీకు ఇంకో మాట తోచిందా?”

ఫోనమ్మ మెడ తిప్పింది. సగం కత్తిరించిన తలతో, దుప్పటితో, కుర్చీలో వెనక్కి తిరిగింది. ఇన్నాళ్ళూ చెట్లన్నీ గాలించింది గానీ తన వీపు వెనక ఉన్న తలుపు నెత్తిన చూడలేదు. ఉంది. మట్టిరంగుది, పొట్ట తెల్లది, తోక పైకెత్తి దించి పైకెత్తి, చూరు కింద సాలెగూళ్ళలో పురుగు ఏరుకుంటూ. ఉంది. కూతురికి కనిపిస్తోంది, వినిపిస్తోంది. మొదట్నుంచీ వినబడుతూనే ఉంది. పిట్ట కూస్తే కత్తెర ఎందుకాపుతారు ఎవరైనా? పిట్ట కూతకి భయపడేవాళ్ళే ఆగుతారు. ఛాతీ మీంచి ఏదో లేచిపోయింది, ఊపిరి కడుపు దాకా దిగింది, నా చెవులు నావే, నా చెవులు బాగానే ఉన్నాయి, దేవుడా, నాకేం కాలేదు.

ఆ ఊపిరి పూర్తిగా దిగనేలేదు.

అమ్మ పైకి చూసింది.

ఆ వేళ గుమ్మంలో నిలబడి అమ్మ పైకి చూసింది. అందరూ చెప్పుకున్నారు, ఆకాశంలోకి చూసిందనీ, పోయిన పిల్ల అక్కడుందనుకుందనీ. అడుగులు కూడా సరిగ్గా రాని పిల్ల తలుపు కొడితే తల్లి కిందికి చూస్తుంది, గడప దగ్గర చూస్తుంది. అమ్మ తలుపు నెత్తిన చూసింది. చూసి నవ్వింది. పిట్టలన్నిటికీ మాటలు కట్టి, ఆ మాటలు పెద్దదానికి నేర్పి, ఇన్నాళ్ళ దుఃఖం తర్వాత మొదటిసారి ఒక చిన్న పిట్ట కూతకి మాట కట్టుకుని నవ్వింది. చిన్నది. ఇంట్లో ఆ మాటకి ఒకటే అర్థం మిగిలిన రోజుల్లో అంది. సగం విన్నారు అందరూ. సగం విని కలిపేశారు. ఆ తర్వాత గడియ, పీట, మాత్రలు, పేరు, దూది. చెప్పలేదేం అమ్మా, పిట్ట అని ఒక్కమాట చెప్పలేకపోయావా అనుకోబోయి, చెప్పే ఉంటుంది అనుకుంది. పిట్టే అని చెప్పే ఉంటుంది, ఆకులు రాలగానే వచ్చి చిగుళ్ళు వేసేసరికి ఎగిరిపోయే పిట్ట అని ఏడాదికేడాది చెప్పి ఉంటుంది, ఇంతమంది వినబడలేదంటుంటే ఇక తనకే అనుమానమొచ్చి ఉంటుంది. అప్పుడు దూది అడిగింది. నెమ్మదించి కాదు. ఇన్నాళ్ళూ ఈ కుర్చీలో తను పడ్డ భయం, నోరెండిపోయే ఈ భయం, రోజుల లెక్కన కాదు, బతుకంతా, గడియ వేసిన ఇంట్లో, ఒక్కతే.

“ఉండవే, తీస్తా తీస్తా, తొందరేమిటి” అంటూ కూతురు పిట్టతోనే మాట్లాడుకుంటూ వెళ్ళి వంటింటి తలుపు తోసింది. తలుపు కిర్రుమంది. కూతురు గుమ్మంలో నిలబడి పైకి చూసింది. నవ్వింది.

దుప్పటి కింద ఫోనమ్మ చేతులు రెండూ పైకి లేచాయి, ఎవరి చెవులో మూయడానికన్నట్టు. ఎవరివీ దొరక్క అలాగే ఒళ్ళో పడిపోయాయి.

“ఎవరే, తలుపు దగ్గర?” అన్నాడు, పేపరు మీద వెలుగు పడిందేమో, లోపల్నుంచి డ్రాయింగు మాస్టారు.

“ఎవరూ లేరు నాన్నా. పిట్ట.”

“ఏంటీ?”

“పిట్ట! చిన్న పిట్ట!”

“ఓ, పిట్టా” అన్నాడాయన. తర్వాత పేపరు తిరగేసిన చప్పుడు వినబడింది. అంతే. అంతకంటే ఇంకేమీ జరగలేదు.

“కూచో అమ్మా, ఇంకా ఒక వైపు ఉంది” అంటూ కూతురు వెనక్కి వచ్చి, మొహం చూసి, కత్తెర కింద పెట్టేసింది. “అమ్మా? ఏమైందమ్మా? ఎందుకేడుస్తున్నావు?”

ఎవరు అని అడిగాడు మీ నాన్న, ఆ వేళ అమ్మని ఎవరూ అడగలేదు, అని చెప్పబోయింది ఫోనమ్మ. ఆ మాట దానికేం అర్థమవుతుంది? తలుపు నెత్తిన చిన్నది మళ్ళీ పిలిచింది.